బీడీలామె కేసు

కాలేజీలో మధ్యాహ్నం రెండు దాటిందంటే లైబ్రరీ వైపు ఎవరూ వచ్చేవారు కాదు. పిల్లలు అసలే రారు. లెక్చరర్లు వచ్చినా ఫ్యాన్ కింద కునుకు తీయడానికే వచ్చేవారు. నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను లైబ్రరీ అసిస్టెంటుగా ఉన్న రోజులవి, రెండు వేల సంవత్సరం దాటిన తర్వాతి మాట. మేనేజ్‌మెంటు వాళ్లు ఒక కంప్యూటర్ కొని, ఇంటర్నెట్ పెట్టించి, పైన పూల గుడ్డ ఒకటి కప్పి నాకు అప్పజెప్పారు. పుస్తకాల వివరాలన్నీ అందులోకి ఎక్కించమన్నారు. ఎక్కించాను. ఆ తర్వాత ఏం చేయాలో వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. అడిగితే ఏదో ఒక పని అంటగడతారని నాకు బాగా తెలుసు.

ఆ తీరికలోనే నాకు పాత పేపర్ల పిచ్చి పట్టుకుంది. హైదరాబాదులో ఏదో పెద్ద లైబ్రరీ వాళ్లు తమ బీరువాల్లో ఉన్న పాత దినపత్రికలను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఏడాది నొక్కాలి, నెల నొక్కాలి, తేదీ నొక్కాలి, ఇక ఎదురుచూస్తూ కూర్చోవాలి. పేజీ పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా దిగేది. ముందు పత్రిక పేరు, తర్వాత మంత్రిగారి జుట్టు, చాలాసేపటికి మంత్రిగారి ముక్కు. సరిగ్గా ముక్కు దగ్గర కరెంటు పోయేది. వచ్చాక మళ్లీ మొదటినుంచి నొక్కితే మళ్లీ జుట్టు.

సరదా అని అందరికీ చెప్పేదాన్ని గానీ, నిజానికి అది అలసట కాసేపు మరిచిపోయే పని, అంతే. ఇంట్లో అవ్వకు దమ్ము, ఊపిరాడని జబ్బు. మా వైపు అమ్మను అవ్వ అనే పిలుస్తాం. రాత్రంతా ఆమె దగ్గుతుంటే లేచి వీపు నిమరాలి, పొద్దున్నే వండాలి, బస్సు పట్టుకోవాలి, సంతకం పెట్టాలి. ఇన్ని పనుల మధ్య ఎప్పుడో ఎనభైల్లో బోధన్ టాకీసులో ఏ సినిమా ఆడుతోందో, ఆ వారం పసుపు క్వింటాలు ఏ ధర పలికిందో చదువుతుంటే ప్రాణం కొంచెం కుదుటపడేది. అక్కడ ఏం జరిగినా నేను చేయాల్సింది ఏమీ లేదు. ఆ వానలో నేను తడవను, ఆ గ్యాస్ బండ నేను బుక్ చేయక్కరలేదు. జుట్టు రాలకుండా నూనె ప్రకటనలు, బస్సులో సర్టిఫికెట్లు పోయినవాళ్ల ప్రకటనలు, రేడియో కార్యక్రమాల పట్టిక, అన్నీ చదివేదాన్ని. నూనె ప్రకటనలో ఉన్న ఆవిడకు ఇప్పటికి జుట్టంతా నెరిసి ఉంటుంది కదా అనుకుంటే ఎందుకో కొంచెం నవ్వు కూడా వచ్చేది.

అయితే ఈ పిచ్చి నాకు లైబ్రరీలో కొత్తగా పట్టింది కాదు. దీని మొదలు బోధన్‌లో, మా వాకిట్లో ఉంది.

బాపు, అంటే మా నాన్న, అక్కడ చక్కెర ఫ్యాక్టరీలో సీజన్ పనివాడు. చెరుకు ఆడే నెలల్లో పని ఉంటుంది, మిగతా నెలల్లో ఉండదు. అవ్వకు మాత్రం సీజన్ అంటూ లేదు, ఏడాది పొడుగునా బీడీలే. పొద్దున పొయ్యి ఆరిందంటే నలుగురైదుగురు ఆడవాళ్లు చాటలు పట్టుకుని మా వాకిట్లోకి చేరేవారు. అందులో పక్కింటి ఖాలా ఒకరు. ఆమెను నేను ఖాలా, అంటే పిన్ని అని పిలిచేదాన్ని, ఆమె అవ్వను అక్కా అనేది. వాళ్ల ఇంట్లో ఉర్దూ, మా ఇంట్లో తెలుగు, వాకిట్లో రెండూ కలిసిన భాష ఒకటి. ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో గాలంతా చెరుకు మడ్డి వాసన. దాని మీద తంబాకు ఘాటు. నాకు చిన్నతనం అంటే ఇప్పటికీ ఆ రెండు వాసనలే గుర్తొస్తాయి.

చుట్టిన బీడీలను కట్టలు కట్టి కార్ఖానాకు తీసుకుపోవాలంటే పొట్లం కట్టడానికి కాగితం కావాలి. దానికోసం కిరాణా దుకాణంలో పాత పేపర్లు తూకానికి తెచ్చేవారు. రద్దీ అనేవాళ్లు వాటిని. వాకిట్లో చదువు వచ్చినదాన్ని నేను ఒక్కదాన్నే, బడి ఉన్న రోజు సాయంత్రం, లేని రోజు పొద్దంతా ఆ రద్దీని పొట్లాలు కట్టకముందే గట్టిగా చదివి వినిపించాలి. నేను చదువుతున్నంతసేపూ నా వంతు తునికాకు కత్తిరించే పని మిగతావాళ్లు పంచుకునేవారు. ఆ ఒప్పందం నాకు బాగా నచ్చింది. కత్తెర పట్టుకుంటే బొటనవేలు బొబ్బలెక్కేది, పేపరు పట్టుకుంటే గొంతు మాత్రమే ఎండేది.

వచ్చిన చిక్కల్లా ఏమిటంటే ఆ పేపర్లకు వరస ఉండేది కాదు. దుకాణం అతను పైనుంచి ఎన్ని చేతికి వస్తే అన్ని తీసి తూచేవాడు. అందువల్ల మా వాకిట్లో ముఖ్యమంత్రి ఒక వారం రాజీనామా చేసి, మరో వారం ప్రమాణం చేసేవాడు. "గీనకు జర సిగ్గు లేదు," అనేది ఖాలా. వరద ముందు తగ్గేది, తర్వాత వచ్చేది. సీరియల్ నవల అయితే చెప్పనే అక్కరలేదు. అందులో పెళ్లికూతురు ఒక ఆదివారం ఇద్దరు పిల్లల తల్లి, వచ్చే ఆదివారానికి కాలేజీ పిల్ల.

ఒకసారి నిజామాబాద్‌లో రేపు ఆదివారం ఉచిత కంటి శిబిరం ఉందని చదివాను. ఖాలా అత్తకు అప్పటికే చూపు మసక. బీడీలు చుట్టుకుంటూనే అవ్వా ఖాలా లెక్కలు వేసుకున్నారు. మర్నాడు పొద్దున మొదటి బస్సుకు ముసలామెను నడిపించుకుంటూ బయలుదేరారు. తోకలాగా నేనూ వెళ్లాను. శిబిరం జరిగే బడి గేటుకు తాళం. వాచ్‌మన్ కాగితం చూసి కడుపు పట్టుకుని నవ్వాడు.

"అవ్వా, గిది పోయినేడుది. గప్పుడు ఆపరేషన్ చేపిచ్చుకున్నోళ్లు గిప్పుడు అద్దాలు గూడ మార్చిండ్రు," అన్నాడు.

ఖాలా అతన్ని ఉర్దూలో తిట్టాల్సినవన్నీ తిట్టింది. అత్తకు మాత్రం ఎవరూ చెప్పలేదు. పాపం, తిరుగు బస్సులో కూడా ఆమె నిజామాబాద్ ఇంకెంత దూరమని అడుగుతూనే ఉంది. ఆ రోజు నుంచి వార్త కంటే ముందు తేదీ చదవాలని నాకు హుకుం జారీ అయింది. ఆ తేదీ ఉన్న అంచు తరచుగా చిరిగిపోయి ఉండేది, అది వేరే సంగతి.

ఇలా ఉండగా ఒక చలికాలం బీడీలామె వార్త వచ్చింది.

పక్క జిల్లాలో ఒకామె మీద భర్తను చంపిందని కేసు. ఆమెదీ బీడీల పనే. కోర్టులో ఆమె తరఫు వకీలు ఒకే మాట పట్టుకున్నాడు. ఆ రోజు పొద్దంతా ఈమె చాట ముందు నుంచి లేవలేదు, సాయంత్రం నిండు పనిని కార్ఖానాలో అప్పజెప్పింది, ఆ సంగతి బీడీలు లెక్కపెట్టి తీసుకునే కార్ఖానా మున్షీ వచ్చి చెప్పాడు. అంత పని చేసిన మనిషికి, అంత దూరం పోయి ఆ ఘోరం చేసి వచ్చే వ్యవధి ఎక్కడిది అన్నాడు వకీలు. అటువైపు వకీలు ఆ బీడీలు ఇంకెవరైనా చుట్టి ఉండొచ్చన్నాడు. తీర్పు వాయిదా పడింది. వార్త అక్కడితో అయిపోయింది.

నేను తల ఎత్తి చూసేసరికి అందరి చేతులూ ఆగి ఉన్నాయి. వాకిట్లో చేతులు ఆగడం అంతకుముందు నేను చూడలేదు. మంత్రి రాజీనామా చేసినా, రైలు పట్టాలు తప్పినా వాళ్ల వేళ్లు వాళ్ల పని చేసుకుంటూ పోయేవి.

"ఇడువరు," అన్నది ఖాలా. "మర్దు సచ్చిండు గదా. మర్దు సస్తె తప్పంత ఆడిదాని మీదికే అస్తది."

"ఎట్ల ఇడువరు?" అన్నది అవ్వ. "బీడీలు అబద్ధం చెప్తయా?"

"బీడీల మాట ఎవ్వలింటరక్కా, మన మాటనే ఇనరు."

"ఇంటరు. కోర్టు గద. ఇంటది."

ఇంతకూ అవ్వకు ఆమె ఎవరో తెలియదు. ఆ ఊరి పేరు కూడా అంతకుముందు వినలేదు. అయినా ఆ రోజు నుంచి రద్దీ ఎప్పుడు వచ్చినా ముందుగా అడిగేది ఆ కేసు గురించే. కిరాణా దుకాణానికి తనే పోయి ఆ నెల పేపర్లు వేరుగా తీసిమ్మని అడిగేది. అతను చిరాకుపడేవాడు. ఏరుకునేటందుకు ఇవేమన్నా వంకాయలా అని కసిరేవాడు. అవ్వకు అక్షరం ముక్క రాదు. అయినా నల్లకోటు బొమ్మ ఉన్న కాగితాలు చూసి తీసి, కొంగులో పెట్టుకుని తెచ్చేది. నేను చదివితే అవి ఏ వకీళ్ల సంఘం సన్మానమో అయ్యేవి. "మంచిగ సూడే, కిందికి సూడు," అనేది. కింద కూడా ఉండేది కాదు. ఎండాకాలం వచ్చింది, ఫ్యాక్టరీ ఆగింది, బాపు ఇంటిపట్టున ఉండే రోజులు మొదలయ్యాయి. అవ్వ అడగడం మానేసింది.

బాపు గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. బయట ఆయనంత మంచివాడు లేడు. ఎవరి బండి దిగబడినా భుజం పట్టేవాడు, ఎవరింట్లో చావైనా ముందుండేవాడు, నలుగురిని నవ్వించేవాడు. ఇంటికి వచ్చాక ఆ మనిషి ఉండడు. పని లేని నెలల్లో తాగి వచ్చి అవ్వను కొట్టేవాడు. కారణం అంటూ ఉండేది కాదు. పొద్దున అవ్వ చేతికి గాజులు లేకపోతే ఖాలా ఏమీ అడగకుండా తన ఆకులో కొంత కత్తిరించి అవ్వ చాటలో వేసేది. అవ్వ ఒకసారి మోర్తాడ్‌లో తన పుట్టింటి పెద్దలతో చెప్పుకున్నదట. "గసొంటి అల్లుడు దొరుకుతడా, నీకే నోరు ఎక్కువైంది," అని పంపించేశారట. బాపు ఆ ఊరికి ఎప్పుడు పోయినా వాళ్ల పసుపు బస్తాలు మోసి, జోకులు చెప్పి వచ్చేవాడు మరి. ఆయన్ను ఎవరైనా ఎట్లా అనుమానిస్తారు?

ఆ మరుసటి ఏడాది చెల్లె పుట్టింది. రద్దీ వస్తూనే ఉంది, నేను చదువుతూనే ఉన్నాను. తర్వాత ఖాలా వాళ్లు ఎక్కడికో వెళ్లిపోయారు. బాపు కాలం చేశాడు. మేము నిజామాబాద్ వచ్చేశాం. నాకు పెళ్లయింది, నిలబడలేదు. ఆ కథ ఇప్పుడెందుకు లెండి. ఒక సంచితో తిరిగి వచ్చిన రోజు అవ్వ ఏమైందని అడగలేదు. "కాళ్లు కడుక్కో, తిందువు," అన్నది. అంతే. చెల్లెకు పెళ్లయి రెండు గల్లీల అవతల ఉంటుంది. పొద్దంతా నేను కాలేజీలో ఉంటే అవ్వ మంచీ చెడూ అదే చూసుకుంటుంది.

మళ్లీ లైబ్రరీ సంగతికి వస్తాను. స్కాన్ చేసిన పేపర్లు తిరగేస్తుంటే ఒకరోజు మా వాకిట్లో చదివిన వార్త ఒకటి కంటబడింది. చందూర్ పక్కన ఊళ్లో చిరుత దూరిందనీ, మేకల దొడ్లోకి తోలి తలుపు వేశారనీ చదివి, అక్కడితో కాగితం చిరిగిపోయి, వాకిలంతా కొన్ని రోజులు భయపడి చచ్చిన వార్త అది. నొక్కి మర్నాటి పేపరు తెరిచాను. అది చిరుత కాదట, హైనా అట. ఫారెస్టు వాళ్లు వచ్చేలోపు దొడ్డి వెనక గోడకు కన్నం చేసుకుని పోయిందట. మేకలన్నీ క్షేమం. సాయంత్రం ఇంటికి పోయి అవ్వకు చెబితే మంచంలో లేచి కూర్చుని మరీ నవ్వింది. నవ్వుతో దగ్గు వచ్చింది, దగ్గుతో చెల్లె నన్ను తిట్టింది.

"ముసల్దాన్ని నవ్వియ్యకక్కా, ఊపిరి అందది," అన్నది.

అది మొదలు. ఆ పాత వార్తలకు చివర్లు వెతకడం నాకు పనైంది. సీరియల్ నవల చివరి భాగం దొరికింది. పెళ్లికూతురు చివరికి డాక్టరును కట్టుకుంటుంది. "గింతేనా? గిదానికి గన్ని వారాలు రాసిండా?" అన్నది అవ్వ. కంటి శిబిరం వార్త కూడా దొరికింది. ఆ శిబిరానికి నిజంగానే చాలామంది వచ్చారట. ఖాలా అత్త ఆ బస్సు ఒక్క ఏడాది ముందు ఎక్కి ఉంటే సరిపోయేది. రోజూ సాయంత్రం ఒక పాత వార్త చెప్పడం మా ఇంట్లో అలవాటైంది. చెల్లె గిన్నెలు తోముతూ వినేది. దానికి మా వాకిలి తెలియదు. అది మాటలు నేర్చేసరికి అవ్వ దగ్గర కూర్చునేవాళ్లే తగ్గిపోయారు. అయినా బీడీలామె కథ దానికి కూడా తెలుసు, అవ్వ చెప్పగా చెప్పగా.

ఒక సాయంత్రం అవ్వే అడిగింది.

"మరి గా బీడీలామె ఏమైందే? గది సూడరాదు?"

అంత మామూలుగా అడిగింది. కానీ నా వైపు చూడలేదు, దుప్పటి అంచు సరిచేసుకుంటూ గోడకేసి చూసింది. ఆ అడగడంలో ఏదో ఉందని నాకు అప్పుడే అనిపించింది. ఏమిటో మాత్రం తెలియలేదు.

ఆ సరదా అక్కడితో సరి. తర్వాత చేసింది చాకిరీ. ఆ వార్త చదివింది చలికాలమని గుర్తుంది, కానీ రద్దీ చలికాలం కదా, పేపరు ఏ నెలదో ఎవరికి తెలుసు? ఈ స్కాన్‌లలో మాట రాసి వెతికే వీలు లేదు. ప్రతి పేజీ బొమ్మ మాత్రమే. ప్రతి తేదీ నొక్కి, ప్రతి జిల్లా వార్తల పేజీ దిగేదాకా ఆగి, కళ్లు చిట్లించి చూడాలి. మడత దగ్గర అక్షరాలు మింగేసినవి కొన్ని, పక్క పేజీ సిరా ఇవతలికి ఊరినవి కొన్ని. ఒకదాంట్లో ఎవరో పదకేళి పూర్తి చేశారు, అది కూడా తప్పుగా. ఒక నెలలో వారం పేపర్లు అసలే లేవు. మరో పత్రికలో చూస్తే అక్కడ ఆ వారం ఉంది గానీ జిల్లా పేజీ లేదు. ప్రిన్సిపాలు ఒకసారి తొంగిచూసి, "ఏమ్మా, ఎవరి కోసం ఈ పాత పేపర్లు?" అన్నాడు. పోటీ పరీక్షల పిల్లల కోసం సార్ అన్నాను. నమ్మాడు. నా ముఖంలో సరదా ఏమీ కనబడి ఉండదు.

వాన రోజులు పోయాయి, చలి మొదలైంది. అవ్వ రోజూ అడిగేది కాదు. నేను గడప దాటి లోపలికి వస్తే నా ముఖం మాత్రం చూసేది. ఆ చూపును తప్పించుకోవడానికి నేను ముందు వంటింట్లోకి పోయేదాన్ని. ఎందుకు నాకీ గోల అని నాకే విసుగొచ్చేది. ఎవరామె? బతికే ఉందో లేదో. అవ్వకు మాత్రం ఊపిరి రోజురోజుకూ కురచవుతోంది. డాక్టరు ఇన్నేళ్ల తంబాకు కదమ్మా అని ఊరుకున్నాడు. ఆమె అడిగింది నన్ను ఇదొక్కటే. ఇదొక్కటీ దొరకకపోతే ఎట్లా అని భయమేసేది.

చివరికి దొరికింది. ఎక్కడో మూల, సిమెంటు ప్రకటన కింద, నాలుగైదు వాక్యాలు. భర్తను చంపిన కేసులో బీడీ కార్మికురాలిని కోర్టు నిర్దోషిగా విడుదల చేసింది. కార్ఖానా మున్షీ సాక్ష్యాన్ని నమ్మకుండా ఉండటానికి కారణం కనబడలేదని జడ్జి అన్నాడు. నేను చదివి, మళ్లీ చదివి, కుర్చీలో వెనక్కి వాలాను. ఆనందంగా అరవాలనిపించలేదు, నిద్ర వచ్చినట్టైంది. ప్రింటు తీసి సంచిలో పెట్టుకుని, సెలవు చెప్పకుండానే ముందు బస్సుకు ఇంటికి వచ్చేశాను.

అవ్వ ఒక్కతే ఉంది. మంచం అంచున కూర్చుని కాగితం చదివాను. ఆమె గెలిచినట్టు ముఖం పెడుతుందనుకున్నాను. ఖాలా ఉండి ఉంటే అవ్వ చూసినవా అని ఆమెను దెప్పేది కదా.  అవ్వ ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసింది.

"నమ్మిండ్రన్నట్టు," అన్నది చివరికి.

"ఔనవ్వా. మున్షీ మాట నమ్మిండ్రు, ఆమె మాట నమ్మిండ్రు."

"గిది ఎప్పటిది?"

"మనం సదివిన పేపరు ఎన్కాల నెల దాటక ముందే. గా సలికాలం కంటె ముందటి ఉగాది ముంగట."

అవ్వ వేళ్లు మడిచి ఏదో లెక్క చూసుకుంది. ఆమె వేళ్ల చివర్లు ఇప్పటికీ నున్నగా ఉంటాయి, గీతలు అరిగిపోయి.

"గా పేపరు మనం రద్దీల తెచ్చి సదివేటాలకే పాతది. గప్పటికే ఇడిసిండ్రన్నట్టు. నేను గా కిరాణాయన చుట్టు తిరుగుతున్నప్పుడు ఆమె ఇంట్ల ఉన్నదన్నట్టు," అన్నది.

"ఔను."

"నేను మూట గట్టి పెట్టుకున్ననే. నీ రెండు గౌన్లు, నా రెండు చీరెలు. ఖాలా ఇంట్ల దాపెట్టిన. ఆమెను ఇడుస్తె పోదామనుకున్న."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఎక్కడికి అన్నాను.

"మోర్తాడ్. మా అవ్వ ఉండె గప్పుడు. పసుపు ఏరుకుంట బతుకుదుము. నా మాట ఎవ్వలు నమ్మలె. మొగుణ్ణి సంపిందన్న మనిషి మాటనే కోర్టు నమ్ముతె, నా మాట మా పెద్దమనుషులు నమ్మరా అనుకున్న. జడ్జి ఇడిసిండని పేపర్ల పడ్డది, సూడుండ్రి అని వాళ్ల ముంగట పెడ్తుననుకున్న. ఇడిసిండ్రని రాలె. ఎండకాలమంత సూసిన. ఇడువలేదేమో, ఆమెను లోపటేసిండ్రేమో అనుకున్న. మూట ఇప్పేసిన."

ఆమె గొంతులో ఏడుపు లేదు. ఎప్పుడో జరిగిపోయిన పెళ్లిలో వడ్డించిన కూరల గురించి చెప్పినట్టు చెప్పింది. నాకు మాత్రం ఒళ్లంతా కోపం వచ్చింది. ఎవరి మీద అంటే ఏం చెప్పను? మా వీధి చివర చాయ్ హోటల్లో ఆ రోజుల్లో ప్రతి పొద్దునా తాజా పేపరు వచ్చేది. మగవాళ్లు చాయ్ తాగుతూ చదివి, బల్ల మీద పడేసి పోయేవారు. ఆ తీర్పు వచ్చిన రోజు కూడా ఎవరో ఒకరు చదివే ఉంటారు. చదివి, కప్పు కింద పెట్టి, ఫ్యాక్టరీకి పోయి ఉంటారు. బాపే చదివి ఉండొచ్చు. మా వాకిలి అక్కడికి నాలుగిళ్ల ఇవతల. ఆ నాలుగిళ్లూ దాటి ఆ కాగితం అవ్వ దగ్గరికి రావడానికి ఇన్నేళ్లు పట్టింది, అది కూడా హైదరాబాదు మీదుగా.

"మీ చెల్లె గప్పటికింక కడుపుల పడలె," అన్నది అవ్వ, మెల్లగా, తనలో తను అనుకున్నట్టు.

 ఆ పేజీ ఆ చలికాలమే రద్దీలో దొరికి ఉంటే అవ్వ తప్పించుకునేది. తర్వాతి ఏళ్ల దెబ్బలు ఉండేవి కావు. చెల్లె కూడా ఉండేది కాదు. ఒకదాన్ని కోరుకుంటే రెండోదాన్ని వద్దనుకోవాలి. నేను ఆ కాగితం వైపు చూడలేకపోయాను. పొద్దంతా అవ్వ వీపు నిమిరే చేయి చెల్లెది, మందులు గుర్తుపెట్టుకునేది చెల్లె, అవ్వ కోపంగా ఉంటే పాత సినిమా మాటలు చెప్పి నవ్వించేది చెల్లె. నవ్వించడం దానికి బాపు నుంచే వచ్చిందని నాకు తెలుసు, అవ్వకూ తెలుసు.

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. చెల్లె మూత పెట్టిన గిన్నెతో లోపలికి వచ్చింది, జొన్న గట్క వేడిగా చేసి తెచ్చింది. నన్ను ఆ వేళప్పుడు ఇంట్లో చూసి ఆగింది. నా చేతిలో కాగితం చూసింది.

"ఏందక్కా, దొరికిందా? ఇడిసిండ్రా గా బీడీలామెను?" అన్నది ఆత్రంగా.

నేను నోరు తెరిచేలోపే అవ్వ నా చేతిలో కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, దిండు కింద తోసేసింది.

"దొరుకలే బిడ్డా," అన్నది. "గా దినం పేపరే లేదంట. ఇగ ఎతుకొద్దని చెప్పిన."

"పోనీ తియ్యి. గిప్పుడు తెలిసి ఏం జేస్తవ్," అని చెల్లె మంచం పక్కన కూర్చుని, గట్క ఊదుతూ చెంచా ఆమె నోటికి అందించింది. రోజూ రెండు చెంచాలకే చాలని మూతి తిప్పే అవ్వ ఆ రోజు గిన్నె మొత్తం తిన్నది.